అసెంబ్లీలో పాసైతే చట్టం అయిపోయినట్టేనా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విజయనగరం, శ్రీకాకుళం వైపువే. అడిగిన తీరు వేరైనా అందరి అనుమానం దాదాపు ఒకటే: చట్టం ఎవరు చేస్తారు, మధ్యలో ఎవరెవరు అడ్డుకోగలరు, అడ్డుకునే హక్కు వాళ్లకి ఎక్కడినుంచి వచ్చింది? అన్నీ వేసుకునే చోటు లేదు కాబట్టి కొన్ని ఏరి, వాటికి కాస్త వివరంగా రాస్తున్నాను.

రాజాం నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. దిశ చట్టం ఉంది, 21 రోజుల్లో శిక్ష పడిపోతుంది అని ఎవరో చెబితే అదే నమ్ముతోంది. విజయనగరం కోర్టులో ప్లీడరుగా ఉన్న మా బంధువు మాత్రం అలాంటి చట్టమే లేదంటున్నాడు. అసెంబ్లీలో పాసైనట్టు టీవీలో చూశాం, పోలీస్ స్టేషన్ మీద బోర్డు కూడా చూశాం. ఎవరి మాట నిజం?

మీ బంధువు మాటే నిజం అమ్మా. 2019 డిసెంబర్ 13న మన అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసిన మాట వాస్తవం. అత్యాచారం కేసుల్లో గట్టి ఆధారాలు దొరికితే ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ ముగించి, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు ఇవ్వాలని అందులో రాశారు, ఉరిశిక్ష కూడా పెట్టారు. కానీ దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. అందుకే దాని కింద ఒక్క కేసు కట్టడానికి కూడా వీల్లేకపోయింది.

మన రాష్ట్రం బిల్లుకి రాష్ట్రపతితో పనేమిటి అంటారేమో. రాజ్యాంగంలో ఏడో షెడ్యూల్ అని ఒకటుంది. ఏ విషయం మీద కేంద్రం చట్టం చేయాలి, ఏ విషయం మీద రాష్ట్రం చేయాలి, ఏ విషయాల్లో ఇద్దరూ చేయొచ్చు అని అక్కడ మూడు జాబితాలుగా విడదీసి పెట్టారు. నేరాలు, శిక్షలు, కేసు నడిపే పద్ధతి ఇవన్నీ ఉమ్మడి జాబితాలోవి. ఉమ్మడి జాబితాలో ఉన్న విషయం మీద పార్లమెంటు చట్టం ఒకలా, రాష్ట్ర చట్టం ఇంకోలా ఉంటే పార్లమెంటు చట్టమే చెల్లుతుందని 254వ అధికరణం చెబుతోంది. రాష్ట్రం మాట నెగ్గాలంటే ఒకటే దారి, ఆ బిల్లుని రాష్ట్రపతికి పంపి ఆమోదం తెచ్చుకోవడం. అంటే రాష్ట్రం నోరు పూర్తిగా కట్టేయలేదు, అలాగని ఒక్క రాష్ట్రం తనకు తోచినట్టు ఉరిశిక్షలు రాసేసుకోవడానికీ ఒప్పుకోలేదు. ఇచ్ఛాపురం దాటి పురుషోత్తపురం చెక్‌పోస్టు అవతల అడుగుపెడితే ఒడిశా. గీతకి ఇటు ఒక శిక్ష, అటు ఇంకో శిక్ష ఉండాలంటే దేశం మొత్తాన్ని దృష్టిలో పెట్టుకున్నవాళ్లు ఒకసారి చూడటం న్యాయమే అని నా అభిప్రాయం. ఏడు రోజుల్లో దర్యాప్తు ముగించమంటే ల్యాబ్ రిపోర్టులు ఎప్పుడు రావాలి, నిందితుడు తన వైపు చెప్పుకోవడానికి లాయర్ని ఎప్పుడు పెట్టుకోవాలి అనే ప్రశ్నలు కూడా ఉన్నాయి. హడావిడిలో తప్పుడు మనిషికి శిక్ష పడితే అసలువాడు బయటే తిరుగుతాడు కదా.

ఇక పోలీస్ స్టేషన్ బోర్డు సంగతి. స్టేషన్ పెట్టడం, యాప్ తేవడం ప్రభుత్వం తన మామూలు పాలనాధికారంతో చేసే పనులు, వాటికి కొత్త చట్టం అక్కర్లేదు. ఆ స్టేషన్లలో కట్టిన కేసులన్నీ ఐపీసీ (భారత శిక్షాస్మృతి), పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) లాంటి అప్పటికే ఉన్న చట్టాల కిందవే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నాకు బాధ కలిగించేది ఒక్కటే. బిల్లు ఢిల్లీలో ఆగి ఉన్న ఆ ఏళ్లంతా "దిశ చట్టం, దిశ చట్టం" అని ఊరూరా చెప్పారు. లేని హక్కు ఉందని నమ్మిన ఆడపిల్ల తీరా అవసరం వచ్చిన రోజున ఏం కావాలి? మీ అమ్మాయికి ఉన్న హక్కు ఇది అని చెప్పండి: ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపడానికి లేదు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. అత్యాచారం కేసులో దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలని పార్లమెంటు 2018లోనే చట్టం చేసింది.

ఇకముందు ఇలాంటి అనుమానం వస్తే గెజిట్ (ప్రభుత్వ రాజపత్రం) కాపీ తీసి మొదటి పేజీ చూడండి. పైన చట్టం నంబరు, సంవత్సరం ఉంటాయి. దాని కిందే, ఈ చట్టానికి ఫలానా తేదీన గవర్నర్ ఆమోదం లభించింది, లేదా రాష్ట్రపతి ఆమోదం లభించింది అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం, ఆ తేదీ కనిపిస్తేనే అది చట్టం. తర్వాత మొదటి సెక్షన్ కూడా చదవండి. ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి అమలు అని రాసి ఉంటే, ఆ నోటిఫికేషన్ కూడా రావాలి, అప్పటిదాకా ఆమోదం ఉన్నా అమలు లేనట్టే. ప్రెస్ మీట్లో చెప్పినా, టీవీలో స్క్రోలింగ్ వచ్చినా దీనికి సాటి రాదు.

శ్రీకాకుళం నుంచి ఒక ఉపాధ్యాయుడు: ఉత్తరాంధ్ర టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికలో ప్రతిసారీ ఓటేస్తున్నాను. కానీ శాసనమండలి దేనికీ అడ్డుకట్ట వేయలేదని, దండగ అని మా స్టాఫ్ రూమ్‌లో రోజూ గొడవ. నిజంగా దానికి ఏ బలమూ లేదా?

బలం తక్కువే మాస్టారూ, కానీ లేకపోలేదు. మండలి ఒప్పుకోకపోతే చట్టం శాశ్వతంగా ఆగిపోదు. మామూలు బిల్లుని మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పాస్ చేసి పంపితే ఇంకో నెల ఆపగలదు, 197వ అధికరణం ఇచ్చింది అంతే. ద్రవ్య బిల్లు, అంటే పన్నులు, ఖజానా డబ్బుకి సంబంధించిన బిల్లు అయితే పద్నాలుగు రోజులు. అంతకు మించి అది పట్టుకు కూర్చుంటే మండలి పాస్ చేసినట్టే లెక్క.

ఆ కాస్త బలం ఎలా పనిచేస్తుందో 2020లో కళ్లారా చూశాం. మూడు రాజధానుల బిల్లు, సీఆర్డీఏ (అమరావతి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లు అసెంబ్లీలో సులువుగానే పాసయ్యాయి. మండలిలో అప్పటికి అధికార పక్షానికి మెజారిటీ లేదు. జనవరి 22న మండలి ఛైర్మన్ షరీఫ్ గారు వాటిని సెలెక్ట్ కమిటీకి, అంటే బిల్లుని వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీకి పంపుతున్నానన్నారు. అయిదు రోజులు తిరక్కుండానే, 27న, మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం చేసేసింది. జూన్‌లో అసెంబ్లీ ఆ బిల్లుల్ని రెండోసారి పాస్ చేసి పంపింది, మండలి వాటిని తేల్చకుండానే వాయిదా పడింది, నెల గడిచింది, జూలై 31న గవర్నర్ ఆమోదం వచ్చింది. అదే జూన్‌లో ద్రవ్య వినిమయ బిల్లు కూడా మండలిలో ఉండిపోయింది. ఖజానా నుంచి డబ్బు తీయాలంటే ఆ బిల్లు పాసవ్వాలి. జూలై ఒకటో తారీఖున జీతాలు పడకపోవడం మీ స్టాఫ్ రూమ్‌లో అందరికీ గుర్తుండే ఉంటుంది, ఆ టెన్షన్‌కి కారణం ఇదే.

మరి రద్దు తీర్మానం ఏమైందంటే, మండలి పెట్టాలన్నా తీసేయాలన్నా అసెంబ్లీ అడగాలి, పార్లమెంటు చట్టం చేయాలి, అది 169వ అధికరణం. పార్లమెంటు ముందుకి ఆ బిల్లు రానేలేదు. ఈలోగా మండలిలో లెక్కలు మారి అధికార పక్షానికి బలం పెరిగింది, 2021 నవంబర్‌లో ఆ తీర్మానాన్ని అసెంబ్లీయే వెనక్కి తీసుకుంది. అదే నెలలో రాజధానుల చట్టాల్నీ రద్దు చేసుకున్నారు, ఆ తర్వాత 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చింది. విశాఖ పరిపాలనా రాజధాని అయితే మన మూడు జిల్లాలకి దగ్గరయ్యేదని ఇక్కడ చాలామందికి ఆశ ఉండేది, ఆ ఆశని నేను తప్పుపట్టను. ఏ నగరం కావాలన్నా, బిల్లుని నాలుగు రోజులు కూర్చుని చదవడానికి ఎవరో ఒకరు పట్టుబట్టడం మంచిదే అంటున్నాను.

మండలి మీద ఏ పార్టీకైనా ఎప్పుడూ ఒకే అభిప్రాయం ఉందా అంటే చరిత్ర చూడండి. 1958లో వచ్చింది, 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తీయించేసింది, 2007లో వైఎస్ హయాంలో తిరిగి వచ్చింది, 2020లో మళ్లీ తీసేయాలన్నారు. అప్పుడు దాన్ని కాపాడాలని నిలబడింది 1985లో తీయించిన పార్టీయే. సంఖ్యాబలం ఎటు ఉంటే మాట అటు మారింది. మీ ఓటు విషయానికి వస్తే, 58 మందిలో టీచర్లు ఎన్నుకునేది అయిదుగురిని, పట్టభద్రులు ఇంకో అయిదుగురిని. మిగతావాళ్లలో ఇరవై మందిని ఎమ్మెల్యేలు, ఇరవై మందిని స్థానిక సంస్థల వాళ్లు ఎన్నుకుంటారు, ఎనిమిది మందిని గవర్నర్ నామినేట్ చేస్తారు. పార్టీ టికెట్ మీద గెలవాల్సిన అవసరం అందరికంటే తక్కువ ఉన్నది ఈ పదిమందికే. ఆ ఓటు దండగ అని నేను అనను.

విజయనగరం నుంచి ఒక పాఠకుడు: మనం ఎన్నుకోని గవర్నర్, మనం ఎన్నుకున్న అసెంబ్లీ పంపిన బిల్లుని పక్కన పడేయొచ్చా?

పడేసి ఊరుకోవడానికి లేదు. 200వ అధికరణం ప్రకారం ఆయన ఆమోదం తెలపొచ్చు, రాష్ట్రపతి పరిశీలనకి పంపొచ్చు, లేదా ఫలానా చోట మళ్లీ ఆలోచించండి అని సభకి తిప్పి పంపొచ్చు. తిప్పి పంపిన బిల్లుని సభ మళ్లీ పాస్ చేస్తే ఇక ఆమోదం నిలిపేయకూడదు. ద్రవ్య బిల్లుని తిప్పి పంపే వీలు అసలు లేదు.

చిక్కంతా గడువు దగ్గర వచ్చింది. "వీలైనంత త్వరగా" అని మాత్రమే రాజ్యాంగంలో ఉంది, రోజులు లెక్కపెట్టలేదు. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం గడువులు పెట్టి, ఆగిపోయిన పది బిల్లులు ఆమోదం పొందినట్టేనని ప్రకటించింది. దాని మీద రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగారు. నవంబర్ 20న అయిదుగురు జడ్జీలు, కోర్టులు గడువు పెట్టకూడదు, ఆమోదం వచ్చేసినట్టు అనుకోవడమూ కుదరదు అన్నారు. అయితే కారణం చెప్పకుండా ఏళ్లతరబడి బిల్లు మీద కూర్చుంటే, ఏదో ఒక నిర్ణయం తీసుకోమని కోర్టు చెప్పగలదని కూడా అన్నారు. నా మటుకు నాకు ఇది రోగానికి సగం మందు మాత్రమే. నెలల తరబడి కోర్టు చుట్టూ తిరిగే ఓపిక, ఖర్చు ప్రభుత్వానికి ఉంటాయి, ఆ బిల్లు కోసం ఎదురుచూసే రైతుకో నిరుద్యోగికో ఉండవు. గడువుని రాజ్యాంగ సవరణ ద్వారానే రాసుకోవడం మంచిదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మీ ఊరివారే, అశోక్ గజపతిరాజు గారు, 2025 జూలైలో గోవా గవర్నర్ అయ్యారు కదా. ఆయన ముందుకి వచ్చే గోవా బిల్లులకీ ఇవే నియమాలు.

సీతంపేట నుంచి ఒక గిరిజన యువకుడు: బీఈడీ చేశాను. జీవో 3 ఉంటే మా ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ మాకే వచ్చేవి. సుప్రీంకోర్టు కొట్టేసింది. మా కోసం గవర్నర్‌కి ప్రత్యేక అధికారాలున్నాయంటారు, మరి ఆ అధికారం ఏమైంది? 1/70 భూచట్టం మాత్రం ఎలా నిలబడింది?

బాబూ, ఈసారి వచ్చిన ప్రశ్నలన్నింటిలోకీ లోతైనది నీదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

నీ సీతంపేట ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం. జిల్లా పేరు మారినా షెడ్యూల్డ్ ప్రాంతమనే హోదా మారలేదు, అది రాజ్యాంగం అయిదో షెడ్యూల్ నుంచి వచ్చింది. అందులో అయిదో పేరాలో గవర్నర్‌కి రెండు రకాల అధికారాలున్నాయి. మొదటిది: పార్లమెంటు చట్టమైనా అసెంబ్లీ చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని, లేదా ఫలానా మార్పులతో వర్తిస్తుందని ప్రకటించడం. రెండోది: ఆ ప్రాంతం శాంతి కోసం, మంచి పాలన కోసం స్వయంగా రెగ్యులేషన్, అంటే చట్టంలాంటి నిబంధన చేయడం. ఈ రెండోది చాలా పెద్ద అధికారం, భూమి బదిలీలు, వడ్డీ వ్యాపారం లాంటివాటిని అదుపు చేయడానికి ఉద్దేశించింది. పెద్ద అధికారం కాబట్టి కళ్లెం కూడా వేశారు. ముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, తర్వాత రాష్ట్రపతి ఆమోదం రావాలి, అది వచ్చేదాకా రెగ్యులేషన్ అమల్లోకి రాదు.

1/70 వచ్చింది ఈ రెండో దారిలో. 1959 నాటి భూబదిలీ రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణ అది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందేనని ముందు అనుకోవాలి, కాదంటే అతనే రుజువు చేసుకోవాలి అని, గిరిజనేతరుల మధ్య కూడా అమ్మకాలు కొనుగోళ్లు చెల్లవని అందులో రాశారు. మన కొండల్లో గిరిజన పోరాటం సాగుతున్న రోజులవి. ఎంత కఠినంగా ఉందో చూడు, ఆస్తి ఉన్నవాళ్లు కోర్టుకి వెళ్లకుండా ఊరుకుంటారా? వెళ్లారు. 1988లో సుప్రీంకోర్టు ఆ రెగ్యులేషన్ చెల్లుతుందని చెప్పింది. 1997లో సమత కేసులో అయితే ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో తన భూమిని ప్రైవేటు మైనింగ్ కంపెనీలకి లీజుకివ్వకూడదంది.

జీవో 3 వచ్చింది మొదటి దారిలో, 2000 జనవరిలో. షెడ్యూల్డ్ ప్రాంతం బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం స్థానిక గిరిజనులకే అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలు దాన్ని కొట్టేశారు. వాళ్లు చెప్పినవాటిలో నీకు పనికొచ్చేవి రెండు. ఒకటి, మొదటి అధికారంతో ఉన్న చట్టాన్ని ఆపొచ్చు, మార్చొచ్చు గానీ కొత్త చట్టాన్ని పుట్టించకూడదు. రెండు, వంద శాతం రిజర్వేషన్ మిగతావాళ్లకి, వాళ్లలో ఎస్సీలు, బీసీలు కూడా ఉన్నారు, తలుపు పూర్తిగా మూసేస్తుంది కాబట్టి సమానత్వానికి విరుద్ధం. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని మాత్రం తీయొద్దని, షరతులతో వదిలేశారు.

రెండో కారణం మీద వాదన ఉంది. గిరిజన పిల్లాడికి తన భాష తెలిసిన టీచర్ కావాలి, మైదానం నుంచి వచ్చే టీచర్ వారానికి ఎన్ని రోజులు బడికి వస్తున్నాడు అనే కష్టం ఊహించి రాసింది కాదు, సవర పిల్లలున్న ఏ బడికి వెళ్లినా కనిపిస్తుంది. ఆ కష్టాన్ని కోర్టు తగినంత లెక్కలోకి తీసుకోలేదనే నా అభిప్రాయం. అయినా మొదటి కారణం మాత్రం ప్రభుత్వాలు చేజేతులా తెచ్చిపెట్టుకున్నదే. ఇరవై ఏళ్లు చేతిలో ఉండి కూడా జీవోతో సరిపెట్టారు. సలహా మండలిలో చర్చించి, నూటికి నూరు కాకుండా ఎంత శాతం ఎందుకు కావాలో లెక్కలతో చూపించి, రెగ్యులేషన్‌గా రాష్ట్రపతికి పంపి ఉంటే కోర్టులో నిలబడే అవకాశం చాలా ఎక్కువ ఉండేది. ఇప్పటికీ ఆ దారి తెరిచే ఉంది. మీ ఎమ్మెల్యే సలహా మండలిలో ఉన్నారేమో కనుక్కో, ఎందుకంటే ఆ మండలిలో నాలుగింట మూడొంతుల దాకా గిరిజన ఎమ్మెల్యేలే ఉండాలని అయిదో షెడ్యూలే చెబుతోంది. "జీవో 3 మళ్లీ తెండి" అని అడగడం కన్నా "రెగ్యులేషన్ ముసాయిదా సలహా మండలి అజెండాలో ఎప్పుడు పెడతారు" అని అడుగు.

పలాస నుంచి: 2014లో మన అసెంబ్లీ విభజన బిల్లుని తిరస్కరించింది కదా, అయినా రాష్ట్రం ఎలా విడిపోయింది?

3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. రాష్ట్ర అసెంబ్లీని అభిప్రాయం అడగాలి, దాన్ని పాటించాలని లేదు. 2014 జనవరి 30న మన సభ వద్దంది, ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది, మార్చి 1న రాష్ట్రపతి ఆమోదించారు. బాధగా ఉన్నా రాజ్యాంగం రాసుకున్న తీరు అదే.

ఆమదాలవలస నుంచి: అసెంబ్లీ లేనప్పుడు ఆర్డినెన్స్‌తో ఏ చట్టమైనా తెచ్చేయొచ్చా?

తేవచ్చు గానీ సభ మళ్లీ కూడిన ఆరు వారాల్లో పాస్ చేయించుకోకపోతే అది పోతుంది. మళ్లీ మళ్లీ అదే ఆర్డినెన్స్ తేవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2017లో సుప్రీంకోర్టు బీహార్ కేసులో చెప్పింది. కోర్టు పరిశీలన కూడా తప్పదు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని అయిదేళ్ల నుంచి మూడేళ్లకి తగ్గిస్తూ తెచ్చిన ఆర్డినెన్స్‌ని మే 29న మన హైకోర్టు కొట్టేసింది.

బొబ్బిలి నుంచి ఒక రైతు: భూహక్కుల చట్టం పాసైనప్పుడు మా ఎమ్మెల్యే ఒక్క మాట మాట్లాడలేదు. అడిగితే పార్టీ విప్ ఉంది, నోరెత్తితే పదవి పోతుంది అన్నాడు. నిజమేనా?

సగమే నిజం. 1985లో వచ్చిన రాజ్యాంగం పదో షెడ్యూల్ (పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం పార్టీ విప్‌కి, అంటే ఇలా ఓటేయండి అన్న పార్టీ ఆదేశానికి వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగ్‌కి గైర్హాజరైనా సభ్యత్వం పోవచ్చు, అదీ పార్టీ పదిహేను రోజుల్లో క్షమించకపోతే. తేల్చేది స్పీకర్. మన శ్రీకాకుళం జిల్లా తంగి సత్యనారాయణ, ప్రతిభా భారతి, తమ్మినేని సీతారాం గార్లని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది, ఆ కుర్చీ విలువ మనవాళ్లకి చెప్పక్కర్లేదు. కానీ విప్ ఓటుకే. లేచి మాట్లాడితే పదవి పోదు. సవరణ ప్రతిపాదిస్తే పోదు. బిల్లుని సెలెక్ట్ కమిటీకి పంపండి అని అడిగితే పోదు.

పైన రాసిన రాష్ట్రపతి, గవర్నర్, కోర్టు ఇవన్నీ బిల్లు పాసయ్యాక వచ్చే మెట్లు. రాజ్యాంగం అన్నింటికన్నా ముందు నమ్ముకున్నది సభలో కూర్చున్న మనిషిని. అక్కడ ఎవరూ చదవకపోతే తర్వాతి మెట్ల మీద భారం పడుతుంది, ఏళ్లు పడతాయి. భూహక్కుల చట్టమే చూడండి. 2022లో పాసై, రాష్ట్రపతి ఆమోదం కూడా పొంది, 2023 అక్టోబర్ 31 నుంచి అమల్లోకి వచ్చింది. హక్కు ఎవరిదో తేల్చే పని సివిల్ కోర్టు నుంచి తప్పించి అధికారి చేతికి ఇస్తున్నారని లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కింది ఆ తర్వాతే. 2024 ఎన్నికల్లో అది ఊరూరా చర్చయింది, జూలైలో కొత్త అసెంబ్లీ రద్దు బిల్లు పాస్ చేసింది. అన్ని మెట్లూ దాటిన చట్టం చివరికి ఓటరు దగ్గర ఆగింది. సివిల్ కోర్టుని ఎందుకు పక్కన పెడుతున్నారు అని 2022లోనే సభలో ఒకరు గట్టిగా అడిగి, కమిటీకి పంపించి ఉంటే రైతులకి అంత కంగారు ఉండేది కాదు.

ఈసారి మీ ఎమ్మెల్యే ఊరికి వస్తే ఇలా అడగండి: బిల్లు కాపీ మీకు సభ మొదలవడానికి ఎన్ని రోజుల ముందు ఇస్తున్నారు? దాని చివర ఉండే "ఉద్దేశాలు, కారణాలు" అన్న పేజీ చదివారా? మా భూమికి సంబంధించిన సెక్షన్ ఏది? ఆయన సమాధానం ఏమిటో మాకు రాయండి, మండలం పేరు మాత్రం వేసి అచ్చు వేస్తాం.